మిర్చి చేతులకు మంచినీళ్లు

పిడుగురాళ్ల నుంచి గుంటూరు వచ్చే రోడ్డు మీద, కోల్డ్ స్టోరేజీలు వరసగా ఉన్న చోట, మిర్చి షెడ్డు పక్కనే కరీమున్ రాజ్యం ఉంది. రాజ్యమంటే మరీ పెద్దదేం కాదు. రేకుల నీడ, సిమెంటు గట్టు, గట్టు మీద బీరువా అంత మంచినీళ్ల మిషను. సీసా పెట్టి బటన్ నొక్కితే నీళ్లొస్తాయి. పైన బోర్డు మీద నీళ్లలో ఉప్పెంత ఉందో, క్రిముల్ని చంపే దీపం లోపల వెలుగుతోందో లేదో కనిపిస్తుంది. అన్నీ సరిగ్గా ఉంటే పచ్చ లైటు. ఏది తేడా వచ్చినా ఎర్ర లైటు వెలిగి, మిషను దానంతటదే ఆగిపోతుంది. ఈ రాజ్యం తాళంచెవి కరీమున్ బొడ్లో ఉంటుంది.

ఆమె సగం జీవితం ఆ షెడ్డులోనే గడిచింది, మిరపకాయల తొడిమలు తీస్తూ. అరచేతులు ఎంత మొద్దుబారాయంటే, ఇప్పుడు కారం తగిలినా వాటికి తెలియదు. ఆ రోజుల్లో తాగినవి బోరు నీళ్లు. బిందె అడుగున సున్నం పేరుకునేది. ఆ నీళ్లలోని ఫ్లోరైడుకే ఆమె అక్క సర్దార్‌బీ మోకాళ్లు వంకర్లు పోయాయి. అందుకే పంచాయతీ వాళ్లు మిషను తెచ్చి, దీన్ని ఎవరు చూసుకుంటారని అడిగినప్పుడు, అందరికంటే ముందు లేచిన చెయ్యి కరీమున్‌దే. తాడేపల్లి నుంచి వచ్చే టెక్నీషియన్ సౌజన్య దగ్గర పని నేర్చుకుంది.

ఆ తర్వాత ఆమె దర్జా చూడాలి. పొద్దున్నే గ్లాసు నింపి, అందరి ముందూ ఎత్తి పోసుకుని, గుటకలు వినపడేలా తాగేది. సాయంత్రం బటనూ, కుళాయి మూతీ తళతళలాడేదాకా కొంగుతో తుడిచేది. తుడవడానికి సౌజన్య తెల్లటి గుడ్డలిచ్చింది. అంత మంచి గుడ్డలు మాసిపోతాయని కరీమున్ వాటిని మడిచి పెట్టెలో దాచింది.

మిర్చి సీజన్ ముమ్మరంగా ఉన్నప్పుడు గొడవ మొదలైంది. వెంకటేశ్వరమ్మ మనవరాల్ని చంకనేసుకుని వచ్చింది. ఆమె, కరీమున్ ఒకప్పుడు పక్కపక్కనే కూర్చుని తొడిమలు తీసినవాళ్లు. పిల్ల గుక్కపట్టి ఏడుస్తోంది. పెదాలు ఎర్రగా కందిపోయాయి.

"కరీమూ, నీళ్లలో ఏదో కలిసింది. పిల్ల నోరు మండిపోతంది చూడు."

"ఏం కలవలేదొదినా. పైన పచ్చ లైటు కనపట్లా? పొద్దున నేను తాగలా?"

"నీ లైటు సంగతి నాకెందుకే? పిల్ల నోరు చూడు."

"నీ చేతుల కారమే తగిలుంటది."

"నిన్నగాక మొన్న పనిలోకి వచ్చానా నేను? సీసా అడుగు పట్టుకుని నింపానే గానీ మూతి ముట్టుకోలా."

షెడ్డులో వాళ్లంతా వింటున్నారు. కరీమున్‌కి పౌరుషం పొడుచుకొచ్చింది. "నీ మాట నమ్మాలా, మిషను మాట నమ్మాలా?" అనేసింది.

వెంకటేశ్వరమ్మ సీసాలో నీళ్లు నేలమీద పారబోసి వెళ్లిపోయింది.

మధ్యాహ్నానికల్లా మిషన్లో యాసిడ్ పోస్తున్నారని పుకారు పుట్టింది. మర్నాడు గట్టు దగ్గరికి ఒక్క మనిషి రాలేదు. ఆడవాళ్లంతా మళ్లీ బోరు దగ్గర బారులు తీరారు. తాగేవాళ్లు లేకపోతే మిషను ఇంకో ఊరికి పంపేస్తామని పంచాయతీ వాళ్లు చెప్పిపోయారు. సౌజన్య పరుగున వచ్చి నీళ్లు పరీక్ష చేసింది. ఏ దోషమూ లేదు. అయినా ఎవరికి చెప్పి నమ్మించాలి?

సౌజన్య ఫిల్టర్లు విప్పుకుంటుంటే, కరీమున్ పంతం కొద్దీ బటనూ, కుళాయి మూతీ తోముతూనే ఉంది. తల తిప్పేసరికి వెంకటేశ్వరమ్మ కనిపించింది. బోరు కొట్టి, మనవరాలి సీసా నింపుతోంది. సర్దార్‌బీ మోకాళ్లు గుర్తొచ్చి కరీమున్‌కి ఏడుపు తన్నుకొచ్చింది.

తొడిమలు తీసేవాళ్లెవరూ కొంగుతో ముఖం తుడుచుకోరు. చెమట పడితే మోచేత్తో తుడుచుకుంటారు. కరీమున్‌కీ ఆ అలవాటు పోలేదు. కానీ కన్నీళ్లొస్తే మాత్రం ఏ ఆడదానికైనా చెయ్యి కొంగు మీదికే పోతుంది. కొంగు తీసి కళ్లద్దుకుంది.

మరుక్షణం కళ్లు భగ్గుమన్నాయి. సౌజన్య నీళ్లు చల్లుతుంటే, కళ్లు మూసుకునే కరీమున్ అంతా అర్థం చేసుకుంది. అందరూ మిర్చి చేతులతో బటన్ నొక్కుతారు. ఆ కారాన్ని తన కొంగు తీసుకెళ్లి కుళాయి మూతికి పూస్తోంది. సీసా అంచు ఆ మూతికి ఆనుతుంది. పెద్దవాళ్లు ఎత్తి పోసుకుంటారు కాబట్టి తెలియలేదు. పసిపిల్ల సీసా నోట్లో పెట్టుకుంది.

"నేనూ పైపు లోపలే కొలిచాను ఆంటీ," అంది సౌజన్య తగ్గు గొంతుతో. "లోపల్నుంచి బయటికొచ్చిన ఆ జానెడు దూరం ఎవరం చూసుకోలేదు." ఫిల్టర్లు మళ్లీ బిగిస్తూ, "కొంగు సంగతి చెప్పక్కర్లేదులెండి. మిషను బాగుచేశామని చెబుదాం," అంది.

"పిల్ల నోరు మండింది నా కొంగు వల్ల. మిషను మీదికి తోసేస్తే ఎట్టా అమ్మాయ్?"

ఎర్రబడ్డ కళ్లతోనే షెడ్డులోకి నడిచింది. మిర్చి రాశుల మధ్య నిలబడి, అందరికీ వినపడేలా చెప్పింది. "నీళ్లు మంచియ్యే. నా కొంగే మంచిది కాదు. బటన్ మీది కారం తెచ్చి కుళాయికి పూసింది నేను. ఒదినా, నువ్వు నిజం చెప్పావు. నేనే విన్లా."

ఎవరో కిసుక్కుమన్నారు. వెంకటేశ్వరమ్మ నవ్వలేదు. "సరే, ఇయ్యాల ఒప్పుకున్నావు. రేపు ఇంకోటేదో తేడా వస్తే? మళ్లీ ఆ లైటే చూపిస్తావా?"

కరీమున్ వెనక్కొచ్చి సౌజన్యని అడిగింది. "అమ్మాయ్, లైటు మాటకే కాదు, మా ఒదిన మాటక్కూడా ఆగాల మిషను. చెయ్యగలవా?"

సౌజన్య చేసింది. బటన్ పీకేసి, కుట్టు మిషనుకి ఉన్నట్టు కింద కాలిపెడల్ పెట్టించింది. కుళాయి మూతి ఏ చెయ్యీ, ఏ సీసా అంచూ తగలనంత లోపలికి జరిగింది. ప్రతి సీసాకి ముందు అది తనను తాను వేడినీళ్లతో కడుక్కుంటుంది. పక్కనే ఇంకో పెడల్, ఎర్రది. అనుమానం వచ్చినవాళ్లెవరైనా దాన్ని తొక్కొచ్చు. తొక్కితే మిషను ఆగిపోతుంది. మళ్లీ నీళ్లు పరీక్ష చేసి, ఫలితం బోర్డు మీద అందరికీ కనపడేదాకా నీళ్లు రావు.

మొదటి రోజు పొద్దున షెడ్డు మొత్తం వచ్చింది గానీ, ఎవరూ ముందుకు కదల్లేదు. చివరికి వెంకటేశ్వరమ్మ మనవరాల్ని దింపి గట్టు దగ్గరికొచ్చింది. నీళ్ల పెడల్ జోలికి పోలేదు. ఎర్ర పెడల్ మీద కాలేసి గట్టిగా తొక్కింది. మిషను టక్కున ఆగింది. పచ్చ లైటు ఆరిపోయింది.

"ఏమైందొదినా?"

"ఏం కాలా. నా మాటకి ఆగుద్దో ఆగదో చూశా."

"ఆగిందిగా," అంది కరీమున్. కోపం రావలసిన చోట ఆమెకి ఛాతీ పొంగింది. పెట్టెలోంచి తెల్లగుడ్డ తీసింది. తాళంచెవితో మిషను తెరిచి, లోపలున్న కుళాయి మూతి తుడిచి, పరీక్షకి నీళ్లు పట్టి, అందరి ముందూ ఒక్కో పరీక్షా చేసింది. ఎండ ముదురుతోంది. ఒక్కరూ వరస వదిలి పోలేదు. పచ్చ లైటు వెలిగాక వెంకటేశ్వరమ్మ సీసా నింపి మనవరాలికిచ్చింది. పిల్ల సీసా నోట్లో పెట్టుకుని సగం దాకా తాగేసింది.

మిషను ఆ ఊళ్లోనే ఉంది. కరీమున్ పొద్దున్నే గుటకలేసి తాగి చూపించడం మానేసింది. కొత్తగా వచ్చినవాళ్లెవరైనా ఈ నీళ్లు మంచివేనా అని అడిగితే, ఆమె పచ్చ లైటు చూపించదు. ఎర్ర పెడల్ చూపించి, "అనుమానముంటే తొక్కండి," అంటుంది.