పుట్టింటి గోత్రంతో కోటప్పకొండ

మా కోటమ్మత్త ఫోన్ చేసేసరికి ఆమెతో మాట్లాడి ఆరేళ్ళయింది. "మోకాళ్ళు పూర్తిగా పోకముందే ఒక్కసారి కొండకి పోవాలే. నువ్వు తీసుకుపో," అంది. నరసరావుపేటలో ఆమె కొడుకు, కోడలు ఆమెతోనే ఉంటారు. నేనే రావాలని ఎందుకు పట్టుబట్టిందో అడగలేదు. ఆదివారం వస్తానని చెప్పి ఫోన్ పెట్టేశాక, ఎందుకు ఒప్పుకున్నానా అని చాలాసేపు కూర్చున్నాను.

ఆరేళ్ళ కిందట మా తమ్ముడి పెళ్ళిలో మంగళసూత్రాల పళ్ళెం పట్టుకుని, పెద్దవాళ్ళ చేత తాకించడానికి బయల్దేరాను. మా నాన్నకి చెల్లెలైన ఈ అత్త అందరి ముందూ నా చేతుల్లోంచి పళ్ళెం తీసేసుకుని, "నువ్వు ముట్టుకోకూడదు," అంది. అప్పటికి నాకు విడాకులై నాలుగు నెలలు. అత్త సోమవారం ఉపవాసం తప్పని మనిషి, గడప తొక్కినవాళ్ళని అన్నం పెట్టకుండా పంపని మనిషి. అలాంటి ఆమే ఆ మాట అన్నాక నాకు గుళ్ళన్నా, భక్తులన్నా మనసు విరిగిపోయింది.

పొద్దున ఆరింటికి గుంటూరులో పల్లెవెలుగు ఎక్కాను. ఇప్పుడు ఈ బస్సుల్లో ఆడవాళ్ళు ఆధార్ కార్డు చూపిస్తే చాలు, టికెట్టుకి డబ్బులక్కర్లేదు. ఏడున్నర దాటాక నరసరావుపేటలో దిగి, బస్టాండు ఎదురుగా కారప్పొడి వేసిన ఇడ్లీ తిని, ఆటో మాట్లాడుకున్నాను. రానుపోను, పైన ఆగినందుకు కలిపి ఏడొందలన్నాడు. ఇంటి దగ్గర అత్తని ఎక్కించడానికి డ్రైవరూ నేనూ చెరో చెయ్యి పట్టుకోవాల్సి వచ్చింది. ఒకప్పుడు మిరపకాయల బస్తా ఒంటిచేత్తో ఈడ్చిన మనిషి, నా భుజం మీద వాలితే బరువే తెలియలేదు. కొండ అరగంట దూరమే. మేమిద్దరం మాట్లాడుకోకపోవడం చూసి కాబోలు, డ్రైవరే ఏదో ఒకటి చెబుతూ వచ్చాడు. ఆ కొండ మీద కాకి వాలదట, కావాలంటే చూసుకోమన్నాడు.

పైన త్రికోటేశ్వరుడి కన్నా ముందు గొల్లభామకి దణ్ణం పెట్టుకోవడం ఇక్కడి ఆనవాయితీ. శివుడి ధ్యాసలో పెళ్ళి మాటే ఎత్తనివ్వని గొల్లపిల్ల ఆమె. ఆ పట్టుదల మాన్పించడానికి పెళ్ళి కాకుండానే ఆమెకి కడుపొచ్చేలా చేశాడట స్వామి. అయినా ఆమె కొండెక్కడం మానలేదట. అత్త ఆ కథ నాకు చిన్నప్పుడు ఎన్నిసార్లు చెప్పిందో. ఇప్పుడు కళ్ళు మూసుకుని ఆ గొల్లభామ ముందు చేతులు జోడించి నిలబడితే ఇక ఊరుకోలేకపోయాను.

"పెళ్ళికాకుండా కడుపొచ్చిన పిల్లకి మొక్కుతావు గదా అత్తా. మరి నేనేం చేశాను?"

అత్త మెల్లగా పక్కనున్న మెట్టు మీద కూర్చుంది. ఏ మాట గురించి అడుగుతున్నానో ఆమెకి తెలుసు.

"నువ్వేం చెయ్యలా," అంది. "చేసింది నేను. ముట్టుకోవద్దని దేవుడేమన్నా చెప్పాడా? పెళ్ళికూతురు వైపోళ్ళు చూస్తన్నారు, ఏమనుకుంటారోనని నేనే అన్నా. చానా తప్పు చేశానే. ఇంట్లో చెబుదామంటే నోరు రాలా. అందుకే ఇక్కడికి పిలిపించా."

ఎండెక్కుతోందని చెప్పి చెయ్యి అందించాను. ఆమె పట్టుకుని లేచింది.

గుళ్ళో అర్చన టికెట్టు తీసుకున్నాం. పూజారిగారు గోత్రం, పేర్లు చెప్పమన్నారు. విడాకులయ్యాక నేను గుళ్ళోకి వెళ్ళలేకపోవడానికి ఈ ప్రశ్న కూడా ఒక కారణం. నాది ఏ గోత్రమని చెప్పాలి? నేను తల దించుకునేలోపే అత్త ముందుకు జరిగి మా పుట్టింటి గోత్రం చెప్పింది. "రమాదేవి. మా అన్న కూతురు. ముందు ఈ పేరు చదవండి అయ్యగారూ," అంది. ఆయన ఇంకేమీ అడగలేదు. పక్కన ఎవరి పేరూ లేకుండా నా పేరొక్కటే గర్భగుడి ముందు వినపడింది. ఆ తర్వాతే తన పేరు చెప్పింది అత్త. నేను ఏడుస్తుంటే చూడనట్టు హారతి వైపే చూస్తూ, నా చెయ్యి మాత్రం వదల్లేదు.

భక్తి మనుషుల్ని మంచివాళ్ళని చేస్తుందా అంటే నాకిప్పటికీ తెలియదు. తమ్ముడి పెళ్ళినాడూ అత్తకి ఇదే భక్తి, అయినా ఆ మాట అననే అంది. కాకపోతే తన తప్పు ఒప్పుకోవడానికి ఆమెకొక చోటు దొరికింది. దేవుణ్ణి నమ్మని నేను ఏం చేశాను? పదో తరగతిలో నాకు ఆటలమ్మ పోస్తే రాత్రీపగలూ పక్కన కూర్చుని వేపమండతో విసిరింది ఈ అత్తే. అదంతా పక్కన పెట్టి, ఆ ఒక్క నిమిషం పట్టుకుని ఆరేళ్ళు ఆమె మీద తీర్పు చెప్పుకుంటూ బతికాను.

పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళకి ఒక మాట. దర్శనానికి గంట చాలు, కానీ ఆటో మాట్లాడుకునేటప్పుడు ఇంకో గంట ఎక్కువే చెప్పండి. వాళ్ళకి మోకాళ్ళు నొప్పి, మధ్యలో కూర్చోవాల్సి వస్తుంది. కూర్చున్నప్పుడు తొందరపెట్టకండి, పక్కనే కూర్చోండి.