మగ్గం గదిలో మైక్రోవేవ్

మా ఆడబిడ్డ భర్త కువైట్‌లో ఒక హోటల్లో పని చేసేవాడు. నేను ఆయన్ని అన్నా అని పిలిచేదాన్ని. ఎనభైల చివర్లో సెలవు మీద వచ్చినప్పుడు ఎమ్మిగనూరులోని మా అత్తగారింటికి ఒక పెద్ద అట్టపెట్టె తీసుకొచ్చాడు. వీధి వీధంతా అది టీవీ అనుకుంది. మా మామ అయితే దానికోసం గూట్లో సామానంతా తీసి చోటు కూడా చేశాడు. పెట్టె విప్పితే తెల్లటి డబ్బా, దానికొక గాజు తలుపు, తలుపు వెనక గుండ్రంగా తిరిగే గాజు పళ్లెం. మంట లేకుండా వంట చేసే పొయ్యి అని అన్న చెప్పాడు. మామ దాన్ని కాసేపు చూసి, "బొమ్మలు రావా?" అని అడిగాడు. రావని తెలిశాక వెళ్లి మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకుని నేత మొదలుపెట్టాడు.

అన్న పాపం ఓపికగా అన్నీ చెప్పాడు. ఇనుము, స్టీలు, సత్తు ఏదీ లోపల పెట్టకూడదు. గాజుదో పింగాణీదో అయితేనే పెట్టాలి. ఖాళీగా తిప్పకూడదు. మూత బిగించి పెట్టకూడదు. గుడ్డు పెంకుతో పెట్టకూడదు. లోపల దేనికైనా నిప్పంటుకుంటే తలుపు తీయకూడదు, ముందు స్విచ్చి ఆపాలి. ఇదంతా ఆయన చెప్పింది మా ఆయనకీ, మామకీ. వాళ్లు చూస్తున్నది లోపల వెలిగే లైటుని. వంటింటి గడప మీద నిలబడి విన్నది నేనొక్కదాన్నే, ఎందుకంటే రేపటి నుంచి దానితో వేగాల్సింది నేనే.

మొదటి చిక్కు గిన్నెలతో వచ్చింది. మా ఇంట్లో తినేది స్టీలులో, వండేది సత్తులో. నా పెళ్లికి పెట్టిన సామానంతా స్టీలే. పింగాణీ అంటే ఊరగాయ జాడీలు, ఎవరైనా ఆఫీసరు వస్తే టీ ఇవ్వడానికి దాచిన కప్పులు. జాడీలో ఊరగాయ ఉంది. కప్పులు అత్త ట్రంకు పెట్టెలో ఉన్నాయి, ఆ తాళంచెవి ఆమె నడుముకుంది. వంట పొయ్యి అయితే వచ్చింది కానీ వండడానికి గిన్నె లేదు.

రెండో చిక్కు ప్లగ్గు. దీనికి పెద్ద ప్లగ్గు కావాలి. వంటింట్లో ఉన్నది ఒక బల్బు మాత్రమే. మీటరు బోర్డు మగ్గం గదిలో ఉంది కాబట్టి మా ఆయన అక్కడి నుంచే వైరు లాగి, రెండు మగ్గాలకి మధ్య బల్ల వేసి దాన్ని కూర్చోబెట్టాడు. అత్త పసుపు కుంకుమలు పెట్టింది. పెట్టినావిడ తలుపు మీద పెట్టి ఊరుకోలేదు, పక్కన గాలి పోయే సందుల మీద కూడా మెత్తింది. అవి మూసుకుపోకూడదని నేను అంటే, "కొత్త సామానుకి బొట్టు పెట్టగూడదా? ఏం మాటలమ్మీ అవి?" అంది. ఆమె లేనప్పుడు పాత టూత్‌బ్రష్షుతో నేనే తోమాను. ప్రతి శుక్రవారం ఆమె పెట్టడం, ప్రతి శనివారం నేను తోమడం.

అన్న కువైట్‌కి వెళ్లిపోయాడు. ఆ తర్వాత మా ఆయన చేసిన ఘనకార్యాలు ఇన్నీ అన్నీ కావు. ఎవరు వచ్చినా ఆ పొయ్యి చూపించాలి. నూలు ఇచ్చేవాళ్లు, చీరలు కొనేవాళ్లు, గోనెగండ్ల నుంచి పని వెతుక్కుంటూ వచ్చిన కూలీలు, అందరికీ చూపించాడు. ఆఫీసర్ల కప్పు ఒకటి అత్తని బతిమాలి బయటికి తెప్పించి, అందులో నీళ్లు పోసి కాచి, వేలు పెట్టి చూడమనేవాడు. వాళ్లు వేలు పెట్టి, అబ్బా అనేవాళ్లు. అంతే. ఆ నీళ్లు టీకి వాడిందీ లేదు, దేనికీ లేదు. పారబోసి మళ్లీ వచ్చినవాళ్లకి మళ్లీ కాచేవాడు. అది తిరిగేటప్పుడు ట్యూబులైటు మసకబారేది. మామ మగ్గం మీద నాడె విసరడం ఆపి చీకట్లో కూర్చునేవాడు. ఒకరోజు మా ఆయన నీళ్లు పోయడం మరిచి ఖాళీగా తిప్పాడు. ఇంకోరోజు స్టీలు గ్లాసు పెట్టాడు. లోపల చిటపటమని నిప్పురవ్వలు రాలితే, చూడ్డానికి వచ్చినవాళ్లు అదే బాగుందన్నారు.

"స్టీలు పెట్టగూడదని అన్న అంతగా సెప్పిపోయె కదా," అన్నాను.

"ఏమైంది ఇప్పుడు? బాగానే ఉంది కదా," అన్నాడు.

గుడ్డు సంగతి చెప్తే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది. పెంకుతో పెట్టాడు. కాసేపు ఏమీ కాలేదు. తానే గెలిచినట్టు నా వైపు చూశాడు. అప్పుడు ఢామ్మని పేలింది. చూడ్డానికి వచ్చి ఎదురుగా కూర్చున్న మా ఆయన మేనత్త మగ్గం మీద పిడుగు పడిందనుకుని వీధిలోకి పరుగెత్తింది. లోపలి గోడలకీ, పై భాగానికీ అతుక్కున్న గుడ్డుని గీకడానికి నాకు మధ్యాహ్నమంతా పట్టింది. ఆయన మాత్రం వీధి అరుగు మీద కూర్చుని, ఎంత చప్పుడు వచ్చిందో అందరికీ వర్ణిస్తున్నాడు.

ఆ వేసవిలో ఒకరోజు పొయ్యి ఆగిపోయింది. ఇంట్లో అందరి ముఖాలూ వాడిపోయాయి. నాకు లోపల కొంచెం సంతోషంగానే ఉంది, కానీ చెప్పలేదు. మాది ఆదోని. మా పుట్టింటి వీధిలో రేడియోలు, టీవీలు బాగుచేసే మనిషి ఉన్నాడు. అక్కడికి తీసుకుపోదామన్నారు. దాన్ని దుప్పట్లో చుట్టి బస్సెక్కించాం. ఎక్కినవాళ్లు ఎక్కినట్టు టీవీ ఎంతకి కొన్నారని అడగడం, మా ఆయన అది టీవీ కాదని మొదటి నుంచి కథ ఎత్తుకోవడం. ఎండ, దుమ్ము, నా ఒళ్లో ఆ బరువు. ఆదోని కొండలు కనిపించేసరికి నా కాళ్లు తిమ్మిరెక్కి నావి కాకుండా పోయాయి.

అంగడాయన దాన్ని చూడగానే స్క్రూడ్రైవరు తీశాడు. కరెంటు తీసేసినా ఈ పొయ్యి లోపల కరెంటు నిలిచి ఉంటుందనీ, తెలియనివాళ్లు విప్పితే ప్రాణం పోతుందనీ అన్న చెప్పాడు. ఆ మాటే నేను అన్నాను. మా ఆయన తల దించుకున్నాడు. ఆడమనిషి అంగట్లో మాట్లాడుతోందని ఆయన బాధ.

"టీవీలో లేని కరెంటా బేటీ ఇది?" అన్నాడు అంగడాయన.

"ఇది విప్పొద్దు సాబ్. వైరు, ప్లగ్గు చూడండి చాలు," అన్నాను.

విసుక్కుంటూనే ప్లగ్గు విప్పాడు. లోపల వైరు కాలి నల్లగా బొగ్గయ్యింది. మా ఆయన వదులుగా బిగించిన స్క్రూ చేసిన పని అది. కొత్త ప్లగ్గు వేశాక పొయ్యి తిరిగింది. అక్కడితో వచ్చేద్దామంటే అంగడాయన వదల్లేదు. ఆయన గాజు గ్లాసులో చల్లారిన టీ దాంట్లో పెట్టి వేడి చేశాడు. పక్క అంగడి వాళ్లని పిలిచి వాళ్ల టీలూ వేడి చేశాడు. మా ఆయన పక్కన నిలబడి అందరికీ వివరం చెప్తున్నాడు. సాయంత్రం బస్సు పోయింది. ఆ రాత్రి మా పుట్టింట్లోనే పడుకున్నాం. మా అమ్మ నన్ను పక్కకి పిలిచి, "దీంతో ఇంతకీ ఏం వండుతాండావే?" అని అడిగింది. నీళ్లు కాస్తున్నామని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

అసలు సంగతి వానల్లో జరిగింది. ఆ ఏడు ముసురు పట్టి రోజుల తరబడి ఎండ ముఖం చూపలేదు. రంగు వేసిన నూలు కట్టలు దండెం మీద చెమ్మగా వేలాడుతున్నాయి. మామ వాటిని తడిమి చూసి తిట్టుకోవడం, లోపలికి పోవడం. అప్పుడు మా ఆయనకి బుద్ధి పుట్టింది. ఒక కట్ట పొయ్యిలో పెట్టి తిప్పాడు. గాజు తలుపు నిండా ఆవిరి పట్టింది. తీసి చూస్తే నూలు వెచ్చగా, సగం ఆరి ఉంది. మామ ఆ కట్టని చెంపకి ఆనించుకుని చూశాడు. అన్ని నెలలూ దాని ముఖం చూడని మనిషి ఆ రోజు నుంచి దాన్ని వదల్లేదు. నూలు ఆరిపోయాక కూడా తిప్పితే కాలిపోతుందని నేను చెప్పాను. దగ్గరే ఉంటానులేమ్మా అన్నాడు. నా మాట అంతవరకైనా విన్నారు కదా అని ఊరుకున్నాను. పక్కిళ్ల వాళ్లు కూడా కట్టలు తెచ్చి వరసలో పెట్టారు. వంట పొయ్యిలో నేను అప్పటికీ ఏమీ వండలేదు.

ఆ రోజుల్లోనే మామ ఒక పెళ్లి చీర నేశాడు. ఆకుపచ్చ పట్టు, వెడల్పాటి జరీ అంచు. ఆయన చేతికి తెలిసిన పనంతా ఆ అంచులో ఉంది. మర్నాడు పెళ్లివాళ్లు వచ్చి తీసుకుపోవాలి. రాత్రి పైకప్పు కారి, మడత పెట్టిన చీర ఒక కొస తడిసింది. పొద్దున్నే అది చూసుకున్నాడు. నేను వెనక జొన్నరొట్టెలు కాలుస్తున్నాను. నన్ను అడగలేదు, ఎవర్నీ అడగలేదు. చీరని మడత మడతగా అలాగే పొయ్యిలో పెట్టి తిప్పాడు.

చిటపటలు వంటింట్లోకి వినిపించాయి. మళ్లీ స్టీలు గ్లాసు పెట్టారనుకుని విసుగ్గా లేచాను. మగ్గం గదిలోకి వచ్చేసరికి గాజు తలుపు వెనక జరీ అంచు పొడుగునా నీలం రవ్వలు పరుగెడుతున్నాయి. పొగ. దాని మధ్యలో చిన్న మంట. మామ కదలకుండా నిలబడిపోయాడు. మా ఆయన తలుపు తీయబోతున్నాడు.

"తియ్యొద్దు," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "గాలి తగిల్తే భగ్గుమంటాది."

ఆయన చెయ్యి పక్కకి తోసి గోడ మీద స్విచ్చి ఆపాను. ప్లగ్గు పీకాను. పళ్లెం ఆగింది. లోపల మంట కొంచెంసేపు ఊగి, గాలి లేక దానంతటదే కుంగిపోయింది. పొగ మాత్రం తలుపు సందుల్లోంచి సన్నగా వస్తూనే ఉంది. మా ఆయన రెండుసార్లు చెయ్యి చాపాడు, రెండుసార్లూ నేను అడ్డం నిలబడ్డాను. అత్త వచ్చి మా ముగ్గుర్నీ చూసి, బిందెతో నీళ్లు తెచ్చి పక్కన పెట్టింది. కరెంటు సామాను మీద నీళ్లు పొయ్యద్దని ఆమెకీ చెప్పాల్సి వచ్చింది.

చల్లారాక తీశాం. పై మడత మీద బొటనవేలంత రంధ్రం. మడత విప్పితే అదే రంధ్రం మడత మడతకీ, అంచు పొడుగునా వరసగా ఉంది. మామ చీర మొత్తం విప్పి నేల మీద పరిచాడు. రంధ్రాల మీద ఒక్కొక్క దాని మీదా వేలు పెట్టుకుంటూ పోయాడు. ఆయన ఏడుస్తాడేమో అని నాకు భయం వేసింది. ఏడవలేదు.

"జరీలో రాగి, వెండి ఉండాయని నాకు తెలీదా?" అన్నాడు. "రోజూ నా సేతిలో ఆడేదే కదమ్మా. అది ఇనుము లెక్కలోకి వస్తాదని తట్టలేదు."

ఆ మాటకి నా కోపం చల్లారింది. మా ఆయన నోరు తెరిచేదాకా చల్లగానే ఉంది. "నువ్వు ముందే సెప్పింటే ఇనేవాళ్లం కదా," అన్నాడాయన. గిన్నెలు, గుడ్డు, ప్లగ్గు, ఖాళీగా తిప్పడం, అన్నీ ఒక్కసారిగా నా గొంతులోకి వచ్చాయి. జవాబిస్తే ఆగలేనని తెలుసు. వంటింట్లోకి వచ్చి మాడిపోయిన రొట్టె పెనం మీంచి తీసి బయట పారేశాను. అత్త నా వెనకే వచ్చింది. గోడ అవతలికి వినిపించేలా, "వాడి మాట పట్టించుకోవద్దు. సెప్తానే ఉండావు, నేనూ ఇంటానే ఉండా," అంది. ఆమె నా వైపు మాట్లాడడం అదే మొదలు.

పెళ్లివాళ్లకి మామే ఎదురెళ్లి చెప్పుకున్నాడు. ఏం జరిగిందో దాచలేదు. వాళ్లు తిట్టి, ముహూర్తానికి ఇంకో ఇంట్లో నేసిన చీర తీసుకుపోయారు. ఆ దెబ్బ నుంచి తేరుకోవడానికి ఇంటికి చాలా కాలం పట్టింది. ఎండలు వచ్చాక మామ మళ్లీ ఆకుపచ్చ పడుగు ఎక్కించాడు, అదే అంచు, ఎవరూ అడక్కపోయినా.

నేను మాత్రం ఒక పట్టు పట్టాను. పొయ్యి మగ్గం గదిలో ఉండటానికి వీల్లేదన్నాను. ఎలక్ట్రీషియన్ని పిలిపించి మీటరు నుంచి వంటింటికి గట్టి వైరు, ఎర్తు వేయించాం. గాజు గిన్నెలు ఆదోని నుంచి మా అమ్మ పంపింది. అప్పుడు గానీ నేను దాంట్లో వండలేదు. అన్నం కుదరలేదు, రొట్టె తోలులా వచ్చింది. రాత్రి మిగిలిన పప్పు మాత్రం నీళ్లు చిలకరించి, మధ్యలో ఒకసారి కలిపి వేడి చేస్తే అప్పుడే దించినట్టుండేది. చెనిక్కాయలు పళ్లెంలో పలచగా పరిచి కొంచెం కొంచెంగా తిప్పితే కమ్మగా వేగేవి. అంతకంటే దాని నుంచి నేనేమీ ఆశించలేదు.

చలికాలంలో అత్తకి దగ్గు పట్టుకుంది. ఒక తెల్లవారుజామున వంటింట్లో అలికిడైతే లేచి వెళ్లాను. మామ పింగాణీ కప్పులో నీళ్లు పోసుకుని పొయ్యి ముందు నిలబడి ఉన్నాడు. మీట యాడిదాకా తిప్పాలో చెప్పమన్నాడు. చెప్పాను. కాగిన నీళ్లు ఒక్కోసారి కదిలిస్తే ఎగజిమ్ముతాయి కాబట్టి ఆగాక కాసేపు ఉండి తీయమన్నాను. తలాడించాడు. ఆగిన వెంటనే తలుపు తీసి కప్పు చేత్తో పట్టుకున్నాడు. కాలి, చెయ్యి విదిలించి, నన్ను చూసి నవ్వాడు.

"మామా," అని నా కొంగు మడిచి ఇచ్చాను. ఆయన దాంతో కప్పు పట్టుకుని, తొణక్కుండా మెల్లగా అత్త దగ్గరికి నడిచాడు. కొంగు నాదే కాబట్టి నేను కూడా ఆయన వెనకే నడవాల్సి వచ్చింది.