కూరగాయల అరలో ద్రాక్షరసం

ఖమ్మంలో 'వైన్స్' అని బోర్డు పెట్టుకున్న దుకాణాలకు కొదవలేదు. బ్రాందీ, విస్కీ, బీరు, ఉడకబెట్టిన గుడ్లు, కారం చల్లిన పల్లీలు అన్నీ దొరుకుతాయి. వైన్ మాత్రం దొరకదు. ఈ సంగతి తెలియని కొత్తలో మేముండే ఖానాపురం హవేలి పేటలోని దుకాణానికి వెళ్లి, హెల్మెట్ తీయకుండానే, తీపి లేని ఎర్ర వైన్ కోసం, "డ్రై రెడ్ ఏమన్నా ఉందా?" అని అడిగాను.

కౌంటర్ వెనకాయన నన్ను ఎగాదిగా చూశాడు. "డ్రై డే నాడు దుకాణమే బంద్ ఉంటది సార్. ఇయ్యాల డ్రై డే కాదు గదా."

నా వెనక వరుసలో నిలబడ్డ మనిషి నా గొంతు గుర్తుపట్టి, "సార్, మీరా!" అన్నాడు ఆనందంగా. మా కాలేజీ అటెండర్. మర్నాడు స్టాఫ్ రూములో నాకు టీ తెచ్చిచ్చి, ఇద్దరం ఒకే క్లబ్బు సభ్యులమన్నట్టు చిన్నగా కన్నుకొట్టి పోయాడు.

నేను జూనియర్ కాలేజీలో కామర్స్ చెబుతాను. మాది చర్చికి పోయే కుటుంబం. తాగుడు మా వంశంలో లేదు. కొన్నేళ్ల కిందట తోటి లెక్చరర్లు షిర్డీ, నాసిక్ టూర్ పెట్టుకుంటే నేనూ వెళ్లాను. నాసిక్‌లో వాళ్లు దర్శనం క్యూలో నిలబడ్డ రోజున నాకు తోచక, ఒక ఆటో మాట్లాడుకుని ఊరవతలి ద్రాక్షతోట చూడటానికి పోయాను. అక్కడొక అమ్మాయి గ్లాసు అడుగున కొంచెం వైన్ పోసిచ్చి, "తొందరపడకండి, ముందు వాసన చూడండి" అంది హిందీలో. చూశాను. అంతే, ఆ పూట నుంచి నేను చెడిపోయాను.

అప్పట్నుంచి హైదరాబాద్ పని పడినప్పుడల్లా ఒక సీసా బ్యాగులో బట్టల మధ్య చుట్టుకుని తెచ్చుకోవడం, శనివారం సాయంత్రం తలుపేసి గ్లాసు తిప్పుకుంటూ కూర్చోవడం అలవాటైంది. ఒక సీసా నాకు నెల వస్తుంది. తాగేదానికంటే వాసన చూసేదే ఎక్కువ. ఇంటర్నెట్టులో వైన్ పెద్దలు రాసే బ్లాక్‌కరెంట్ పండు, సీడార్ కర్ర నేనెన్నడూ చూసినవాణ్ని కాదు. అందుకని నా లెక్క నేను పెట్టుకున్నాను. ఒకదానిలో బాగా మాగిన నేరేడుపండు. ఒకదానిలో తునికిపండు, దాని వెనకే వగరు. ఇంకొకదానిలో, మీరు నమ్మరు గాని, మార్చిలో మిర్చి యార్డు గేటు దగ్గర నిలబడితే వచ్చే ఘాటు. ఇవన్నీ నేను కళ్లు మూసుకుని చెబుతుంటే మా ఆవిడ ఎదురుగా కూర్చుని చిక్కుడుకాయలు ఒలిచేది. ఆమె ముట్టేది కాదు. ఎప్పుడన్నా గ్లాసు లాక్కుని వాసన చూసి, "మీ తునికిపండు కాదు, తడిసిన గొడుగు" అని తిరిగిచ్చేది. తర్వాత నాకూ గొడుగే తగిలేది.

మా ఇంట్లో ఒక్క సీసా మాత్రం మూత తీయకుండా ఉండేది. ఓడలో వంటపని చేసే నా పాత విద్యార్థి ఇటలీ నుంచి తెచ్చిచ్చిన వైన్ అది. మా పెళ్లయి పాతికేళ్లయ్యే రోజున తీద్దామని దాచాను. ఖమ్మం ఎండలకు వైన్ ఆగదు కాబట్టి ఫ్రిజ్‌లో కూరగాయల అరలో, వంకాయల కింద, అడ్డంగా పడుకోబెట్టాను.

అప్పుడే మా అత్తమ్మకు కంట్లో శుక్లాల ఆపరేషన్ ఖాయమైంది. తల్లాడలో ఒక్కతే ఉంటుంది. మిషన్ దవాఖానాలో నర్సుగా చేసి రిటైరైన మనిషి, వాళ్ల చర్చిలో స్త్రీల సమాజానికి పెద్ద. ఆపరేషన్ ఖమ్మంలో. కన్ను కుదుటపడేదాకా మా ఇంట్లోనే ఉంటుంది.

"ఆ సీసా మా అమ్మ కంట్ల పడిందనుకో, మీ కోసం ప్రార్థన మొదలుపెడ్తది" అంది మా ఆవిడ. "అది ముగిసేసరికి మీ వైన్ పులిసి సిర్కా అయితది."

నేను ఊరుకుంటానా? సీసాను బకెట్ నీళ్లలో నానబెట్టి లేబుల్ ఊడదీశాను. తెల్లకాగితం చీటీ మీద స్కెచ్ పెన్నుతో గుండ్రంగా 'ద్రాక్షరసం' అని రాసి అతికించాను. ఇది అబద్ధం కూడా కాదు కదా అని నాకు నేనే మెచ్చుకున్నాను. మా ఆవిడ ఆ చీటీ వంక చూసి ఏమీ అనలేదు. ఆమె ఏమీ అనలేదంటే నేను జాగ్రత్త పడి ఉండాల్సింది.

ఆపరేషన్ బాగా జరిగింది. అత్తమ్మ నల్లకళ్లద్దాలు పెట్టుకుని హాల్లో కూర్చుని, ఫోన్లో అందరికీ ధైర్యం చెప్పేది. భద్రాచలం అవతల, అడవి అంచున ఒక చిన్న ఊరుంది. వయసులో ఉన్నప్పుడు ఆమె అక్కడి మిషన్ డిస్పెన్సరీలో పనిచేసింది. ఆ ఊరి విశ్వాసులు రేకులతో కొత్త మందిరం కట్టుకున్నారు. ప్రతిష్ఠ ఆరాధనకు రమ్మని కబురు పెట్టారు. ఆరాధనలో రొట్టెతో పాటు పంచే ప్రభువు బల్ల రసం తానే తెస్తానని అత్తమ్మ మాటిచ్చింది. నల్లద్రాక్ష మరగబెట్టి చేసే ఆ రసం వాళ్ల చర్చిలో ఎప్పుడూ ఆమె చేతిదే. ఆ ఊరికీ ఇంతకుముందు ఒకసారి పంపింది. తీరా వానాకాలం, ఖమ్మం మార్కెట్ అంతా వెతికినా నల్లద్రాక్ష లేదు.

ఆ శనివారం కాలేజీ నుంచి వచ్చి చెప్పులు విప్పుతుంటే గుమ్మంలోనే వాసన కొట్టింది. లవంగం, చక్కెర పాకం. దాని వెనక ఎండిన పండ్లు, పాత తోలు, వాన పడ్డ రేగడి. నా ముక్కు నాకు చెప్పింది. ఒక కాలికి చెప్పుతోనే వంటింట్లోకి పరిగెత్తాను.

పొయ్యి మీద పాలగిన్నె. దానిలో నా ఇటలీ కుతకుతమంటోంది. అత్తమ్మ పొయ్యికి దూరంగా స్టూలు మీద కూర్చుని, గరిటె తిప్పుతున్న కూతురికి కొలతలు చెబుతోంది.

"రండి అల్లుడు గారూ" అంది. "దేవుడు ఎట్ల సమకూర్చిండో చూడండి. మీ ఫ్రిజ్‌ల ద్రాక్షరసం ఉంది. కొంచెం పులిసినట్టుంది గాని, మరగబెట్టి చక్కెరేసినం. మంచిగైతది."

"చీటీ... చదివారా అత్తమ్మా?"

"నాకు కన్ను ఆనుతదా? అమ్మాయే చదివి చెప్పింది."

నేను మా ఆవిడ వైపు తిరిగాను. ఆమె గిన్నెలోకే చూస్తూ, "ద్రాక్షరసం అనే రాసుంది గదండీ. మీ చేతిరాతే" అంది.

"బిరడా ఎవరు తీశారు?"

"మీరే గదా నేర్పిచ్చిన్రు."

స్నానానికని బాత్రూములోకి పోయి, నల్లా తిప్పి, చాలాసేపు ఊరికే నిలబడ్డాను.

మర్నాడు తెల్లారకముందే కిరాయి బండిలో బయల్దేరాం. కొత్తగూడెం, పాల్వంచ దాటి, భద్రాచలం బ్రిడ్జి మీద గోదావరి ఎర్రగా పారుతుంటే చూసుకుంటూ అవతలికి పోయాం. ఆ తర్వాత తారు రోడ్డు సన్నబడి, రెండు పక్కలా టేకు చెట్లు మొదలయ్యాయి. రసం పోసిన స్టీలు క్యాన్ దారంతా నా ఒళ్లోనే ఉంది. "మీరైతే జాగ్రత్తగ పట్టుకుంటరు" అని మా ఆవిడే ఇచ్చింది.

మందిరం నిండా జనం. నమ్మినవాళ్లతో పాటు, తమ దేవతల్ని తాము కొలుచుకునే వాళ్ల చుట్టాలు కూడా భోజనానికి వచ్చి గోడవతల నిలబడి చూస్తున్నారు. లోపల తెలుగు పాట, బయట కోయ మాటలు. కుర్ర పాస్టర్ గారు ఉత్సాహంగా వాక్యం చెప్పి, రొట్టె విరిచి పంచారు. తర్వాత వేలి చివరంత చిన్న ప్లాస్టిక్ గ్లాసుల్లో రసం వచ్చింది.

గుటుక్కున మింగేద్దామనే అనుకున్నాను. కానీ అలవాటు చెడ్డది. ముక్కు దానంతటదే గ్లాసు మీదికి వంగింది. నాలుక మీద వేసుకున్నాను. మొదట చక్కెర, తర్వాత లవంగం. ఇక అయిపోయింది అనుకునేసరికి ఆ రెండింటి కింద నుంచి ఏదో లేచింది. నల్లగా, లోతుగా, అంత మంటను తట్టుకుని కూడా చావకుండా మిగిలిందేదో. అది గొంతు దిగాక కూడా పోలేదు. కళ్లు మూసుకున్నాను. మూసిన కళ్లలోంచి నీళ్లు కూడా వచ్చాయి. అవి దేనికోసమో దేవుడికే తెలియాలి.

తెరిచేసరికి పాస్టర్ గారు నా ముందున్నారు.

"ఖమ్మం నుంచి వచ్చిన అన్నగారు బలంగా కదిలించబడ్డారు" అన్నారు మైకులో. "రెండు మాటలు సాక్ష్యం చెప్పవలసిందిగా కోరుతున్నాను."

మైకు నా చేతికొచ్చింది. అబద్ధం ఆడే చోటు కాదు. ఉన్నమాటే చెప్పాను.

"ఈ రసం మా ఇంట్లో ఎన్నాళ్లుగానో ఉంది. నేనొక్కణ్నే తాగుదామని చీకట్లో దాచుకున్నాను. నా తోటి మనిషికి తెలియకుండా దానికి వేరే పేరు కూడా పెట్టాను. నిన్న అది నా చేయి దాటిపోయింది. మంటల్లో మరిగింది. చెడిపోయిందనే అనుకున్నాను. ఇప్పుడు మీ అందరి మధ్యా నోట్లో వేసుకుంటే... చెడిపోలేదు."

"ఆమేన్!" అంది మందిరమంతా. ఎవరో డప్పు కొట్టారు. ఆడవాళ్ల వైపు మా ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వణికిపోతోంది. పక్కనున్న ముసలమ్మ ఆమె ఏడుస్తోందనుకుని వీపు నిమిరింది.

భోజనాల దగ్గర ఆ ముసలమ్మే అత్తమ్మ చేయి పట్టుకుంది. అత్తమ్మ పురుడు పోసిన తల్లుల్లో ఒకామె. "సిస్టరమ్మా, ఈసారి రసం మంచిగుంది. పోయినసారి దగ్గు మందు లెక్క ఉండె" అంది. పాస్టర్ గారు నా వైపు తిరిగి, ఏటేటా ఇదే రసం మీ ఇంటి నుంచే రావాలని, కాదనవద్దని అన్నారు. కాదనలేదు.

తిరుగు దారిలో బండి పాల్వంచ దాటాక అత్తమ్మ నల్లకళ్లద్దాలు తీసి తుడుచుకుంది.

"అల్లుడు గారూ, మీ దస్తూరి మంచిగుంది."

నేను ఖాళీ క్యాన్ మూత బిగించాను.

"ఆపరేషన్ థియేటర్ల పనిచేసిన దాన్ని. స్పిరిట్ వాసన పట్టడానికి కన్నెందుకు?"

"మరి తెలిసే మరగబెట్టారా?"

"మరగబెట్టకపోతే చర్చికి ఎట్ల తీస్కపోతం?" అంది, అదేం ప్రశ్న అన్నట్టు. తర్వాత కూతురికి వినపడకుండా, ముందు సీట్లో ఉన్న నా వైపు వంగింది. "మరగబెట్టక ముందు ఎట్లుండేది అది?"

నాకూ తెలియదని చెప్పాను. ఆమె నిజంగానే బాధపడింది.

మళ్లీ హైదరాబాద్ పోయినప్పుడు ఒక మామూలు ఎర్ర వైన్ తెచ్చాను. లేబుల్ తీయలేదు. శనివారం సాయంత్రం అత్తమ్మ, మందు కొలిచే పాత గాజు గ్లాసు సంచిలోంచి తీసి ముందు పెట్టింది. "వైద్యం కోసమే" అని మా ఇద్దరికీ ముందే చెప్పింది. వాసన చూసింది, నాలుక తడి చేసుకుంది, దేవుడి ముందు లెక్క చెప్పబోయేదానిలా ఆలోచించింది.

"దీనికి ఉప్పు తక్కువైంది" అంది.

వైన్‌లో ఉప్పు ఉండదని, అది పులుపు, వగరు, పండు అని నేను చాలా ఓపిగ్గా చెప్పాను. ఆమె అంతా విని, లేచి, సీసా పట్టుకుని వంటింట్లోకి పోయింది. పొయ్యి మీద మటన్ ఉడుకుతోంది. నేను అందుకునేలోపే సగం సీసా గిన్నెలో పడింది.

ఆ రాత్రి ముగ్గురం గిన్నె అడుగు దాకా ఊడ్చి తిన్నాం. వాసనలు వర్ణించమని మా ఆవిడ రెండుసార్లు అడిగింది. నా నోరు ఖాళీగా లేదు.