‘తలుపు తియ్’ తర్వాత ‘తుప్పు’ కాదు

కళ్ళజోళ్ళ షాపాయన చాలా మంచివాడు. కాలు తొక్కితే ఊరుకుంటాడు. అడక్కుండా గొడుగు పట్టుకుపోతే ఊరుకుంటాడు. తింటుంటే ముందున్న కంచం లాగేసినా, పాపం ఏ అవసరమొచ్చిందో అనుకుని చెయ్యి కడుక్కుంటాడు. కానీ ‘ఇనప పిచ్చుకలు’ అనే రాక్ బ్యాండు ఏ టూర్లో ఏ పాట తర్వాత ఏ పాట పాడిందో ఆయన ముందు ఎవరైనా తప్పు చెప్పారా, ఇక అయిపోయారే! అది పెళ్ళి కానీ, పరామర్శ కానీ, పళ్ళ డాక్టరు కుర్చీలో తను నోరు తెరుచుకుని ఉన్న సమయం కానీ, దిద్ది తీరాల్సిందే.

చుట్టాల్లో ఎవరు ఏ వరసవుతారో ఆయనకు ఈనాటికీ తెలియదు. సొంత మేనత్త కొడుకుని “మాస్టారూ” అని పిలుస్తాడు. పాటల వరస మాత్రం నిద్రలో లేపి అడిగినా చెప్తాడు. దుమ్ము టూరు, అద్దాల టూరు, నిచ్చెన టూరు, వాన టూరు అన్నీ కంఠతా. వాన టూర్లో స్టేజి మీద నిజం నీళ్ళే కురిపించారట. ముందు వరసలో నిలబడ్డ ఈయనకి జలుబు చేసిందట. “అలాంటి జలుబు మళ్ళీ రాలేదు” అని ఇప్పటికీ బెంగపడతాడు.

ఒకసారి బస్సులో ఇద్దరు కుర్రాళ్ళు నిచ్చెన టూరు గొప్పదా, వాన టూరు గొప్పదా అని వాదించుకుంటున్నారు. అంతవరకూ ఈయన ఓర్చుకున్నాడు. ఎవరి అభిప్రాయం వాళ్ళది కదా. ఇంతలో ఒకడు, “నిచ్చెన టూరు ‘మెట్ల మీద వాన’తోనే కదరా మొదలైంది!” అన్నాడు.

“తప్పు!” అన్న కేకకి డ్రైవరు బ్రేకు వేశాడు. కండక్టరు ఎందుకైనా మంచిదని అందరి టిక్కెట్లూ మళ్ళీ చూశాడు. కుర్రాళ్ళు హడలిపోయి తర్వాతి స్టాపులో దిగిపోతే, ఈయనా వెనకే దిగి, వాళ్ళింటి గుమ్మం దాకా దిద్దుకుంటూ వెళ్ళాడు.

“వాళ్ళమ్మ ఎంత మంచిదో! మంచినీళ్ళిచ్చింది,” అన్నాడు ఇంటికొచ్చి.

“పోలీసుల్ని పిలవలేదా? అయితే మంచిదే,” అంది భార్య.

ఈ సంగతులన్నీ ఆయన కోడలికి తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియవు. ఆవిడ మందుల షాపులో పనిచేస్తుంది. పెళ్ళికి ముందు మొదటిసారి ఆ ఇంటికి వచ్చినప్పుడు, కూర్చోమని కూడా అనకుండా ఆయన అడిగిన మొదటి ప్రశ్న: “అద్దాల టూర్లో మూడో పాట ఏదమ్మా?”

“నాకు తెలీదండీ.”

ఆయన మొహం విప్పారింది. “విన్నారా? తెలీదంది. తప్పు చెప్పలేదు! ఈ పిల్ల మనింట్లో ఇమిడిపోతుంది,” అన్నాడు. నిజంగానే ఇమిడిపోయింది. అత్తయ్య కూర తరుగుతూ, కోడలు బట్టలు మడతపెడుతూ ఆ వరసలు వినీ వినీ, దుమ్ము టూరు మొత్తం ఆవిడకీ వచ్చేసింది.

ఆయన షాపులో కళ్ళు పరీక్ష చేసే అట్ట కూడా దుమ్ము టూరే. పైన పెద్ద అక్షరాలతో ‘తలుపు తియ్’, దాని కింద ‘నిప్పుల గొడుగు’, ఆ కింద ‘తుప్పు’, ఇంకా చిన్నగా ‘రేడియో చచ్చింది’, అట్టడుగున చీమ తలకాయంత అక్షరాలతో ‘ఆవలింత’. షో కూడా ఆ పాటతోనే ముగిసింది. కొత్తవాళ్ళతో చిక్కులేదు. చిక్కల్లా బేకరీ బాబాయితోనే. ఈయన ప్రాణస్నేహితుడు, అంతే పిచ్చి ఉన్నవాడు. కుర్చీలో కూర్చోగానే అడుగుదాకా గడగడా చదివేసేవాడు. “నీకేంట్రా, గద్ద కళ్ళు!” అని ఈయన ఏళ్ళ తరబడి పంపించేశాడు. ఆ గద్ద కళ్ళతోనే బాబాయి ఒక పుట్టినరోజు కేకులో పంచదార అనుకుని ఉప్పు పోశాడు. చివరికి ఒకరోజు పరీక్ష మధ్యలో కరెంటు పోయింది. చీకట్లో కూడా బాబాయి చదువుతూనే ఉన్నాడు. అప్పుడు గానీ గుట్టు బయటపడలేదు.

ఇద్దరికీ పాటల వరసలో తేడా లేదు. తగువంతా స్టేజి దగ్గర. అద్దాల టూర్లో స్టేజి గుండ్రంగా తిరిగింది. కుడివైపు తిరిగిందని ఈయన, ఎడమవైపని బాబాయి. అదే వాదన, రోజూ అదే! తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళంటాడు ఈయన. బాబాయేమన్నా తక్కువా? షాపు అరుగు మీద బాబాయి తెచ్చిన బన్నులు చల్లారిపోయేవి గానీ వాదన చల్లారేది కాదు.

పోయిన వానల్లో బాబాయికి పక్షవాతం వచ్చింది. చెయ్యీ కాలూ నెమ్మదిగా దారికొచ్చాయి గానీ మాట రాలేదు. అన్నీ అర్థమవుతాయి. చెప్పబోతే మాట పెదవి దాటదు. మాట్లాడించండి, ప్రయత్నిస్తే వస్తుంది అని డాక్టర్లు చెప్పారు. మనిషి ప్రయత్నిస్తే కదా! సిగ్గుపడి, విసిగిపోయి, గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఈయన రోజూ సాయంత్రం షాపు కట్టేసి వెళ్ళి పక్కన కూర్చుని వచ్చేవాడు. ఇంటికొచ్చాక పాటల ఊసే లేదు. ఎప్పుడు ఆపుతాడా అని ఇన్నాళ్ళూ విసుక్కున్న అత్తాకోడళ్ళకి ఆ నిశ్శబ్దం భరించడం కష్టమైంది.

ఆ తర్వాత కోడలికి అసలు భయం పట్టుకుంది.

ఒక ఉదయం ఆయన అద్దం ముందు గడ్డం గీసుకుంటూ గొణుక్కుంటున్నాడు. “తలుపు తియ్... తుప్పు. తలుపు తియ్... తుప్పు...”

ఇస్త్రీ చేస్తున్న కోడలు పెట్టె పక్కన పెట్టేసింది. “మామయ్యా, మధ్యలో ‘నిప్పుల గొడుగు’ కదా?”

“అబ్బా, అందించకమ్మా! కష్టపడి కుదుర్చుకున్నది కాస్తా చెదిరిపోతుంది,” అని నురగ మొహంతోనే బయటికి వెళ్ళిపోయాడు.

మర్నాడు ఆవిడ కంటి చుక్కలమందు ఇవ్వడానికి షాపుకు వెళ్ళింది. కొత్త ఫ్రేము చూసుకుంటున్న ఒక కుర్రాడు, “దుమ్ము టూర్లో ఆఖరి పాట ‘తుప్పు’ అటగా అంకుల్?” అన్నాడు. కోడలు గుమ్మంలోనే ఆగిపోయి, కేక కోసం ఎదురుచూసింది. కేక రాలేదు.

“ఆఖర్నా? బాగుంది బాబూ, చాలా బాగుంది. నాకు తట్టనే లేదు,” అన్నాడాయన ఎంతో ఆప్యాయంగా.

గోడ మీద అట్ట కూడా మారిపోయి ఉంది. కొత్త అట్టలో ‘ఆవలింత’ అన్నిటికంటే పైన, ఇంతింత అక్షరాలతో!

ఆ సాయంత్రం వంటింట్లో అత్తాకోడళ్ళిద్దరూ తలుపు వేసుకుని మాట్లాడుకున్నారు.

“నా పేరు మర్చిపోయినా ఇంత భయపడేదాన్ని కాదే. పాటల వరసే మర్చిపోయారంటే ఇంక లోపల ఏం మిగిలినట్టు?” అంది అత్తయ్య కళ్ళొత్తుకుంటూ.

“సోమవారం డాక్టరు దగ్గరికి తీసుకెళ్దాం అత్తయ్యా.”

“తీసుకెళ్ళు. షాపు కూడా కట్టేయించాలి. మతిమరపు మనిషి ఒకరి కళ్ళద్దాలు ఇంకొకరికి పెడితే?”

షాపు కట్టేయమని ఆయనకు చెప్పే పని కోడలి మీదే పడింది. అత్తయ్యకి నోరు రాదట. కోడలికి మాత్రం వస్తుందా? ఆ షాపు లేకపోతే ఆయన లేడు. అయినా సరేనని మర్నాడు షాపుకు వెళ్ళింది. అప్పటికే కట్టేసి ఉంది. గాజు తలుపులోంచి చూస్తే గోడ మీద అట్ట కూడా లేదు. ఎక్కడికెళ్ళి ఉంటాడో తెలుసు కనక తిన్నగా బేకరీకి నడిచింది.

బేకరీ మీదే బాబాయి ఇల్లు. మెట్ల నిండా అప్పుడే కాల్చిన రొట్టె వాసన. పైనుంచి మామయ్య గొంతు వినబడుతోంది.

“చూడరా, ఎంత చక్కగా అచ్చు వేయించానో! మొదటి పాట ‘ఆవలింత’. ఆవలిస్తూ మొదలుపెట్టారన్నమాట!”

కోడలు గుమ్మం పక్కనే ఆగిపోయింది. బీరువాకి అట్ట వేలాడుతోంది. మామయ్య చేతిలో బెత్తం. బాబాయి గోడవైపు తిరిగి లేడు. దిండుకి ఆనుకుని నిటారుగా కూర్చున్నాడు. మొహం ఎర్రగా కందిపోయింది.

“తర్వాత ‘తలుపు తియ్’. తర్వాత ‘తుప్పు’...”

“త...” అన్నాడు బాబాయి.

“ఏంట్రా?”

“త... త... తప్పు!”

“ఏది తప్పు? అచ్చులో ఉన్నది తప్పవుతుందా?”

“నిప్పుల! నిప్పుల... గొ... గొడుగు! గాడిదా!”

మూల స్టూలు మీద కూర్చున్న పిన్ని, అదే బాబాయి భార్య, కొంగుతో నోరు మూసుకుని నవ్వుతోంది, ఏడుస్తోంది. కోడల్ని చూసి దగ్గరికి వచ్చి, “మొన్న ‘తప్పు’ ఒక్కటే అన్నారమ్మా. ఇవాళ తిట్టు కూడా వచ్చింది! మీ మామయ్యకి మతి కాస్త చలించినట్టుంది గానీ, మా ఇంటికి మాత్రం మేలే జరిగింది,” అంది రహస్యంగా.

కోడలు ఆ గోడకి అలాగే ఆనుకుని నిలబడిపోయింది. మామయ్య ఒక్క పాట కూడా మర్చిపోలేదు!

మామయ్య చెమట తుడుచుకుని అట్ట చుట్టేశాడు. వెళ్తూ వెళ్తూ వెనక్కి తిరిగాడు. “అన్నీ నువ్వు చెప్పినట్టేలే. అద్దాల టూర్లో స్టేజి మాత్రం కుడివైపే తిరిగింది. ఒప్పేసుకో.”

బాబాయి మంచం మీదినుంచి లేవబోయాడు. “ఎడమ! ఎడమ! నీ... నీ కళ్ళజోడు... ముందు... నువ్వు... పెట్టుకో!”

జబ్బు చేశాక ఆయన నోట అంత పొడుగు మాట రావడం అదే మొదలు. పిన్ని స్టూలు మీద కూలబడింది.

మెట్లు దిగాక కోడలు నిలదీసింది. “మాకొక్క మాట చెప్పొచ్చుగా మామయ్యా? రేపో మాపో షాపు కట్టేయించేవాళ్ళం!”

“మీ అత్తయ్యకి చెబితే మీ పిన్నికి చెబుతుంది. మీ పిన్ని నోట్లో నువ్వుగింజ నానదు, వెంటనే వాడికి చెప్పేస్తుంది. కావాలని చెప్తున్నానని తెలిస్తే వాడికి కోపం రాదు. కోపం రాకపోతే మాట రాదు. అయినా తప్పు చెప్పడం తేలికనుకున్నావా? నా నాలుక ఒప్పుకోదే! రోజూ పొద్దున్నే సాధన చేస్తే గానీ రావట్లేదు. తల ప్రాణం తోకకొస్తోందనుకో.”

కోడలు నవ్వాపుకుని, “నిజం చెప్పండి. స్టేజి ఎటు తిరిగింది?” అంది.

ఆయన ఒకసారి వెనక్కి తిరిగి బేకరీ పై కిటికీ చూశాడు. గొంతు తగ్గించాడు. “ఎడమకే.”

“మరి ఇన్నేళ్ళూ?”

“వాడు ఈ ఊరు వచ్చిన కొత్తలో ఎవరూ తెలీదమ్మా. ఒకరోజు షాపుకొచ్చి ఎడమవైపన్నాడు. అవునంటే లేచి వెళ్ళిపోతాడు. అందుకని కుడివైపన్నాను. మర్నాడు పొద్దున్నే బన్నులు పట్టుకుని వాదించడానికి వచ్చేశాడు.”

కోడలు ఏదో అనబోయింది. పక్కన బస్‌స్టాపులో ఎవరో అమ్మాయి ఫోన్లో, “వాన టూర్లో రెండో పాట ‘రేడియో చచ్చింది’ కదే!” అంటోంది. తిరిగి చూసేసరికి మామయ్య పక్కన లేడు.

కోడలు నింపాదిగా ఫోను తీసింది. “అత్తయ్యా, డాక్టరు అక్కర్లేదు. షాపు కట్టేయక్కర్లేదు.”

“ఏమైందే? ఆయనెక్కడున్నారు?”

“బస్‌స్టాపులో. ఎవరో అమ్మాయి మీద అరుస్తున్నారు.”

“అమ్మయ్య!” అంది అత్తయ్య.