బూటు లేసుతో వేసిన ముడి

మీ బిడ్డను జెర్రి కుట్టిన క్షణాన మీ చేతులు మొదట వెతికేది దేన్ని?

నావి తాడును వెతికాయి. అప్పట్లో నాంపల్లి స్టేషను వెనక కిరాయికి ఉండేవాళ్ళం. వానాకాలంలో ఒక పొద్దున, బడికి తయారవుతూ ఏడేళ్ళ మా అమ్మాయి బూటులో చెయ్యి పెట్టి కెవ్వుమంది. జానెడు జెర్రి బయటపడి గోడ పగుల్లోకి దూరింది. చూపుడువేలి మీద రెండు ఎర్రటి చుక్కలు. చూస్తుండగానే వేలు వాచింది.

ఇంటి యజమాని తల్లి పరుగెత్తుకొచ్చింది. "సారూ, మంత్రమేసేటాయన గల్లీ చివర్నే ఉంటడు. పిలుస్తా."

"వద్దమ్మా. మంత్రాలకు విషం దిగదు," అన్నాను. అంతకుముందు ఆదివారమే సుల్తాన్ బజార్‌లో మూఢనమ్మకాల మీద జరిగిన సభలో ఆ మాట గంటసేపు చెప్పి చప్పట్లు కొట్టించుకున్నాను. అంతే ధీమాగా బూటు లేసు లాగి పిల్ల మణికట్టుకు బిగించి ముడేశాను. విషం పైకి ఎక్కకూడదుగా! అది శాస్త్రమే అనుకున్నాను.

రిక్షాలో ఆ చెయ్యి నా ఒళ్ళో ఉంది. ఆబిడ్స్ దాటేసరికి వేళ్ళు నీలమయ్యాయి.

"నాయినా, నా చెయ్యి నాకు తెలుస్తలేదు."

విషం ఎక్కుతోందనుకున్నాను. ముడిని ఇంకా బిగించాను.

దవాఖానలో నర్సు కాటును చూడనే లేదు. ముందు కత్తెరతో లేసు తెంపింది. "ఎవరు కట్టిన్రు గిట్లా?"

"నేనే."

"చదువుకున్నోళ్ళేనా? జెర్రి కుడితే మంట పుడ్తది, వాస్తది, బొబ్బ లేస్తది. చెయ్యి పోయేది గీ లేసుతోటి! ఊపిరి మంచిగ ఆడుతుందా బిడ్డా?"

పిల్ల తలూపింది. నర్సు వేలిని సబ్బుతో కడిగి, చల్లని తడిగుడ్డ వేసి, ధనుర్వాతం రాకుండా సూది ఇచ్చింది. దురదకు మాత్రలిచ్చింది. నేను మాత్రం గోళ్ళనే చూస్తున్నాను. బొటనవేలు మొదట ఎర్రబడింది. చిటికెనవేలు ఎంతకీ రంగు మారలేదు. అది పోతే ఊరెళ్ళిన వాళ్ళమ్మకు ఏం చెప్పాలి? చివరికి అదీ ఎర్రబడింది.

ఇంటికొచ్చాక ముసలమ్మ అంది: "మంత్రమాయన ఉత్త గాలే ఊదుతుండె సారూ. చెయ్యి నీలం జేస్తుండెనా?"

మంత్రగాణ్ణి పిలవనివ్వలేదు సరే, నా తాడును ఏ పరీక్షకు పెట్టాను? ఎవరో చెప్పారు, నమ్మాను. వేలు వారం రోజులు దురదపెట్టి, పొట్టు రాలి మానింది. మణికట్టు మీద లేసు గీత అంతకంటే ఎక్కువ రోజులుంది.

జెర్రి కుట్టినచోట సబ్బుతో కడగండి. దవాఖానకు పరుగెత్తండి. తాడు కట్టి ఉంటే, ఇది చదవడం ఆపి ఇప్పుడే విప్పండి!