గంటకి ఇరవై కిలోమీటర్ల దూరంలో అక్క

ముందే చెప్తున్నాను, నేను కోతలు కోస్తాను. ఇంట్లో బొద్దింక కనిపిస్తే బజార్లో దాన్ని తాబేలు చేసే రకం. దయ్యాలంటారా, నా కోతల్లో తప్ప ఇంకెక్కడా ఉండవనే అనుకునేవాణ్ణి.

రోజూ రేపల్లెలో రైలెక్కి తెనాలిలో ఉద్యోగానికి వెళ్తాను. దారిలో ఒక కాలువ మీద పాత వంతెన ఉండేది. దాని ముందు పసుపు బోర్డు: గంటకి ఇరవై కిలోమీటర్లు. ఆ ఇరవై వంతెనకి ఎంత మేలు చేసిందో తెలియదు గానీ, నాకు మా అక్కని చూపించేది.

అక్క అత్తారిల్లు ఆ కాలువ గట్టునే. రైలు నెమ్మదించగానే పెరటి గుమ్మంలోకి వచ్చి కేకేసేది. ఆ కేకకి బాపట్ల సముద్రంలో పడవలు వెనక్కి తిరిగేవి.

"ఏరా, అబద్ధాల పుట్టా! చిక్కిపోయావేంట్రా?"

నేను నోరు విప్పేలోగా వంతెన అయిపోయేది. అందుకని పొద్దున అడిగినదానికి సాయంత్రం తిరుగు బండిలో జవాబు.

"మొన్న మీ ఇంట్లో తిన్నానుగా, అందుకేనక్కా!"

ఇలా పూటకో ముక్క చొప్పున ఏళ్ళ తరబడి మాట్లాడుకున్నాం.

ఒక పొద్దున, "ఆదివారం వస్తావేంట్రా? గారెలు చేస్తా!" అంది. సాయంత్రం జవాబు పట్టుకుని కిటికీ దగ్గర కూర్చున్నాను. గుమ్మంలో అక్క లేదు. గుండెపోటట, మధ్యాహ్నమే.

తరవాత కొత్త వంతెన కట్టి, బోర్డు పీకేశారు. రైలు దూసుకుపోతుంటే ఆ పెరడు కంటికి ఆనేది కాదు. బండి తొందరగా వెళ్తోందని అందరూ సంతోషించారు. పాత వంతెన కోసం బెంగపెట్టుకున్నవాణ్ణి నేనొక్కణ్ణే.

పోయిన శ్రావణంలో ఒక పొద్దున, ఎండ బాగా కాస్తుండగా, అక్కడ బండి నెమ్మదించింది. అదే ఇరవై. ఆ చక్రాల చప్పుడు నాకు తెలుసు. గుమ్మంలో అక్క, చేతులకి పిండి, నా కిటికీ వైపే చూస్తోంది.

"వస్తానక్కా!" అని అరిచాను.

వంతెన దాటాక ఎదుటి పెద్దాయన్ని అడిగాను. "బాబాయ్, ఇక్కడ స్లో చేశాడేంటండీ?"

"స్లో ఎక్కడండీ? ఆ ఊపుకి నా టీ అంతా చొక్కా తాగితేనూ!"

నిజమే, ఆయన చొక్కా తడిసిపోయింది. నా గ్లాసులో టీ మాత్రం తొణకలేదు. తెనాలికి బండి టైముకే చేరింది. ఇదెలాగో ఇప్పటికీ చెప్పలేను.

ఇక కల్పించిన సంగతి. పడవల మాట మీరెలాగూ నమ్మి ఉండరు. ఇంకొకటి ఉంది. నేను అరవలేదండి. మాట గొంతులోకి వచ్చేసరికి బండి వేగమందుకుంది.