మల్లేశం బావ గదికి రాని బాక్స్

2023 వానాకాలం. అప్పటికే నేను కోరుట్లలో డిష్ యాంటెన్నాలు బిగించే పనిలో ముదిరిపోయి ఉన్నాను. కోరుట్ల నుంచి ముత్యంపేట దాకా ఎవరింటి మీద డిష్ గాలికి పక్కకు తిరిగినా ఫోన్ నాకే వస్తుంది. బొమ్మ ఆగిపోతే జనం కంపెనీని తిట్టరు, నన్ను తిడతారు. కంపెనీకి ముఖం ఎక్కడుంది? ఒక నంబర్ ఉంటుంది, ఫోన్ చేస్తే పాట వినిపిస్తుంది. ముఖం ఉన్నది నాకే కాబట్టి తిట్లు కూడా నాకే. దానికి అలవాటు పడ్డాను. కానీ ఆ వానాకాలం ఒక ఇంట్లో తిట్టాల్సినవాళ్లు ఒక్క మాట అనకుండా ఎదురుచూశారు. అది తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఈ పని తెలియనివాళ్లకు ముందు ఒక సంగతి చెప్పాలి. ఇంటి మీద డిష్ ఒకటే ఉన్నా, రెండు గదుల్లో రెండు టీవీలు వేర్వేరు ఛానెళ్లు చూపించాలంటే రెండు వస్తువులు అదనంగా కావాలి. ఒకటి, రెండో సెట్ టాప్ బాక్స్. ఇంకొకటి, ట్విన్ ఎల్‌ఎన్‌బీ. డిష్ ముందుకు చాచి ఉండే కడ్డీ చివర చిన్న ముక్క కనిపిస్తుంది కదా, సిగ్నల్ అందుకునేది అదే, దాన్నే ఎల్‌ఎన్‌బీ అంటాం. మామూలు దానికి ఒక్క వైరే పెట్టగలం, ట్విన్‌కు రెండు. మా వాడుకలో దీన్ని మల్టీ టీవీ కనెక్షన్ అంటారు. సామాను చేతిలో ఉంటే ఎక్కువసేపు పట్టే పనేం కాదు. సామాను చేతికి రావడమే అసలు కథ.

ముత్యంపేట అవతల ఒక ఊరి నుంచి రాజవ్వ మా దుకాణానికి వచ్చింది. ఆమె ఇంటికి డిష్ పెట్టింది కూడా నేనే. చేతులకు తంబాకు వాసన, వేళ్ల చివర్లు పసుపు రంగు. బీడీలు చేసే మనిషి అని చూడగానే తెలుస్తుంది.

"తమ్మీ, మా ఇంట్ల ఇంకో టీవీకి కనెక్షన్ కావాలె. జల్ది కావాలె."

"ఉన్నది సరిపోతలేదా అక్కా?"

"సరిపోక కాదు. మీ బావను లోపటి అర్రలకు మారుస్తున్నం. తంబాకు ఉన్నకాడ మనిషిని ఉంచద్దని జగిత్యాల డాక్టర్ గట్టిగ చెప్పిండు. దగ్గి దగ్గి ఊపిరాడుతలేదు."

రాజవ్వ భర్త మల్లేశం కల్లుగీసే మనిషి. కొన్నేళ్ల కింద తాటిచెట్టు మీద మోకు జారి కిందపడ్డాడు. నడుము కింద చచ్చుబడిపోయింది. అప్పటినుంచి ముందుగదిలో గోడవారగా మంచం మీదే. అదే గదిలో రాజవ్వా, ఆ వాడకట్టు ఆడవాళ్లూ కూర్చుని బీడీలు చేస్తారు. ఎండాకాలమైతే బయట చెట్టునీడకు పోతారు. వానాకాలం ఆకు, తంబాకు తడిస్తే పనికిరావు కనుక లోపలే. ఇల్లు గడిచేది ఆ బీడీల మీదే, మానేద్దామంటే కుదరదు. మంచమే మారాలి. లోపలి గదికి ఒక పాత టీవీ సంపాదించి పెట్టుకున్నారు. దాంట్లో బొమ్మ రావడమే మిగిలింది.

అక్కడికక్కడే ఫోన్‌లో కంపెనీ యాప్ తెరిచి మల్టీ టీవీ ఆర్డర్ వేశాను. వారంలోగా సామాను వస్తుందని చూపించింది. అదే మాట రాజవ్వకు చెప్పాను. చెప్పినందుకు ఇప్పటికీ నా నాలుక కరుచుకోవాలనిపిస్తుంది.

వైరు ఎటునుంచి లాగాలో చూద్దామని, సామాను రాకముందే ఒకసారి వాళ్లింటికి పోయాను. అప్పటికే మల్లేశాన్ని లోపలికి మార్చారు. చిన్న గది, వాకిలి వైపు ఒక కిటికీ. ఎదురుగా బల్ల మీద నల్లగా టీవీ.

"ఏం బామ్మర్దీ, నన్ను అర్రలకు తోలి తలుపు పెట్టిండ్రు. చూసినవా మీ అక్క కథ?" అన్నాడు. మనిషి చిక్కిపోయినా గొంతు మాత్రం గంటలా ఉంది.

"వారంల బాక్స్ వస్తది బావా. రిమోట్ నీ చేతుల్నే ఉంటది. కబడ్డీ పెట్టుకుంటవో, సినిమాలే పెట్టుకుంటవో నీ ఇష్టం."

ఆయన ముఖం తిప్పి గోడవైపు చూశాడు. సంతోషం దాచుకుంటున్నాడనుకున్నాను.

వారం పోయింది. ఇంకో వారం పోయింది. యాప్‌లో 'దారిలో ఉంది' అని ఉంటుంది. ఏ దారిలో ఉందో ఎవరికీ తెలియదు. కాల్ సెంటర్‌కు ఫోన్ చేస్తే ఒక అమ్మాయి ఎంతో తియ్యగా, "మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం సర్" అంటుంది. ఆమె చింతించేది ఏమీ లేదు, కాగితం మీద రాసింది చదువుతోంది. నేను అరిచినా అదే, బతిమాలినా అదే. చివరికి "ఇంకేమైనా సహాయం కావాలా సర్?" అని అడుగుతుంది. మొదటి సహాయమే చేయలేదు తల్లీ అంటే, మళ్లీ చింతిస్తుంది.

రాజవ్వ మాత్రం రోజూ ఒకటే మాట. "ఇయ్యాల అస్తదా తమ్మీ?" రాలేదంటే, "సరే తీ, నువ్వేం జేస్తవు" అని పెట్టేసేది. ఆమె నాలుగు మాటలు తిట్టి ఉంటే నాకు కొంచెం తేలికయ్యేది. ఒకరోజు గొంతు తగ్గించి చెప్పింది.

"మంచం మళ్ల ముందటికే తెచ్చినం తమ్మీ. లోపట ఉండనని ఒక్కటే లొల్లి. అన్నం సుత ముట్టలే."

"తంబాకు అక్కా..."

"ఎరుకే. ఏం జెయ్యాలె మరి? దగ్గుకు సచ్చినా పర్వలేదు, ఈడ ఒక్కన్ని ఉండ అంటుండు."

ఇక ఫోన్లతో కాదని జగిత్యాలలో మా డిస్ట్రిబ్యూటర్ ఆఫీసుకు పోయాను. అక్కడి మేనేజర్ కంప్యూటర్ చూసి నవ్వాడు.

"ఏందన్నా, గీ పని ఎప్పుడో అయిపోయింది గదా."

"ఏం పని అయిపోయింది? బాక్సే రాలే."

"కస్టమర్ ఓటీపీ చెప్పింది. ఓటీపీ అచ్చిందంటే బిగించినట్టే లెక్క."

అక్కడినుంచే రాజవ్వకు ఫోన్ చేస్తే అప్పుడు తెలిసింది. ఎవరో ఫోన్ చేసి, "మీ కనెక్షన్ కన్ఫర్మ్ కావాలంటే మెసేజ్‌లో నంబర్ చెప్పండి" అన్నారట. బాక్స్ వస్తుందన్న ఆశతో రాజవ్వ పక్కింటి అమ్మాయితో చదివించి మరీ చెప్పింది. గడువులోపు పని పూర్తయినట్టు చూపించుకుంటే పైవాళ్లకు మంచిపేరు. అందుకే సామాను రాకముందే పని మూసేశారు. మూసేసిన పనికి సామాను ఎందుకని దారిలో ఉన్న బాక్స్‌ను వెనక్కి తిప్పేశారు, నా యాప్‌లో మాత్రం 'దారిలో ఉంది' అని అలాగే ఉండిపోయింది. ఎంత సులువు! ఒక మనిషి ఊపిరికి సంబంధించిన పని, ఎవడో కుర్చీలో కూర్చుని బటన్ నొక్కి ముగించాడు.

"బిగించాల్సింది నేను. నేను బిగించలేదని చెప్తున్న. ఇంకెవరు చెప్పాలె?" అన్నాను.

"నువ్వు చెప్తే కాదన్నా. సిస్టం చెప్పాలె. నామీద గరమైతే ఏం లాభం? స్టాక్ మొత్తం సిరిసిల్ల గోదాంల ఉన్నది. ఆడికి పోయి అడుగు."

పోయాను. బండి మీద, చందుర్తి దగ్గర వాన కొట్టి నిలువునా తడిసి. సిరిసిల్లలో గోదాం చుట్టూ మగ్గాల చప్పుడు, లోపల అటక దాకా పేర్చిన బాక్స్‌లు. ట్విన్ ఎల్‌ఎన్‌బీలు అట్టపెట్టెల్లో మూలకు పడి ఉన్నాయి. మల్లేశం కోసం నేను కాల్ సెంటర్ అమ్మాయిని ప్రాధేయపడిన రోజుల్లో అవి అక్కడ దుమ్ము పట్టి కూర్చున్నాయి. గోదాం చూసుకునే ఆయన మంచివాడే, కుర్చీ వేసి చాయ్ తెప్పించాడు. బాక్స్ మాత్రం ఇవ్వలేదు.

"ఆ ఇంట్ల ఆల్రెడీ పెట్టినట్టు చూపిస్తున్నదే. మల్ల కొత్తగ ఆర్డర్ వెయ్యుర్రి."

"కొత్త ఆర్డర్ వేస్తే, ఆ ఇంట్ల రెండో కనెక్షన్ ఉన్నదని యాప్ తీసుకుంటలేదు."

"మరైతే ఉన్నదాన్ని తీసేసినట్టు పెట్టుర్రి."

"లేనిదాన్ని ఎట్ల తీసెయ్యాలె?"

ఆయన తల గోక్కున్నాడు. దానికి సిస్టంలో జవాబు లేదు. కళ్లముందు బాక్స్ పెట్టుకుని ఖాళీ చేతులతో బయటికి వచ్చాను. అంత కోపం నాకు జన్మలో రాలేదు. చాయ్ ఇచ్చినవాడి మీద అరవలేను, బటన్ నొక్కినవాడు ఎవడో తెలియదు. ఎవరి మీద చూపించాలో తెలియని కోపం ఉంటుందే, అది మనిషిని తినేస్తుంది.

మర్నాడు రాజవ్వకు ఉన్నమాట ముఖం మీదే చెప్పేద్దామని ఆ ఊరికి పోయాను. సీరియల్ వచ్చే వేళ. ముందుగదిలో ఆడవాళ్లు గుండ్రంగా కూర్చుని ఉన్నారు. ఒళ్లో చాటలు, చాటల్లో తంబాకు, చేతుల్లో తునికాకు. గోడవారగా మంచం మీద మల్లేశం, ముక్కుకు తువ్వాల అడ్డం పెట్టుకుని. నేను గడప దగ్గరే ఆగిపోయాను, ఎందుకంటే ఒక విచిత్రం కనిపించింది. టీవీ అంత గట్టిగా మోగుతోందా, ఆ ఆడవాళ్లలో ఒక్కరూ దానివైపు చూడటం లేదు. కళ్లన్నీ ఆకు మీదే. చూపు తిప్పితే బీడీ వంకరపోతుంది, వంకరపోయిన బీడీని షాపువాడు పక్కకు తీసేస్తాడు. వాళ్లు టీవీ వింటున్నారు, అంతే.

మరి సీరియల్లో సగంసేపు మాటలే ఉండవు కదా. మ్యూజిక్ మోగుతూ ఒక్కొక్కరి ముఖం మళ్లీ మళ్లీ చూపిస్తారు.

పక్కింటి నర్సవ్వ తల ఎత్తకుండానే అడిగింది. "ఎవరచ్చిండ్రే అన్నా?"

"మొగని అక్క." మల్లేశం తువ్వాల తీశాడు. "దర్వాజ కాడ నిలవడ్డది. మొఖం చూస్తే మంచికి రాలే."

"చిన్నకోడలు చూసిందా?"

"చూసింది. చేతిల పళ్లెం వణుకుతున్నది. ఇగ పడేస్తది చూడు." దగ్గు తెర వచ్చింది. మంచం ఊగేలా దగ్గాడు. రాజవ్వ చేతిలో బీడీ ఆగిపోయింది. దగ్గు తగ్గాక ఆయన మళ్లీ తెర వైపు చూసి, "పడేసింది" అన్నాడు. ఆడవాళ్లంతా ఘొల్లుమన్నారు.

అప్పుడు నాకు అర్థమైంది. ఏళ్ల తరబడి ఆ గదిలో ఆయన మంచాన పడిన మనిషి కాదు, అక్కడ ఆయనకూ ఒక పని ఉంది. మేమంతా కలిసి ఆయనకు కబడ్డీ ఇచ్చి, ఆ పని లాక్కుంటున్నాం. మంచం దగ్గర కూర్చున్నాను.

"బావా, లోపట వేరే ఛానెల్ పెడితే చూస్తవా?"

"వేరే ఛానెల్ నాకెందుకు? వీళ్లు ఏది వింటే గదే నాకు కావాలె. లేకపోతే ఎవలకు చెప్పాలె నేను?"

"మరి మొదలే చెప్పద్దా?"

"నన్నెవరడిగిండ్రు బామ్మర్దీ? డాక్టర్ మీ అక్కకు చెప్పిండు, మీ అక్క నీకు చెప్పింది, నువ్వు కంపెనీకి చెప్పినవు. మంచం మీదున్నోన్ని అడిగినోడు లేడు."

ఆయన మామూలుగానే అన్నాడు. నాకు మాత్రం సిరిసిల్ల గోదాం దగ్గర వచ్చిన కోపం కన్నా ఎక్కువ కోపం వచ్చింది, ఈసారి అందరి మీదా.

ముందుగది, లోపలి గది ఒకే ఛానెల్ చూడాలంటే రెండో బాక్స్ అక్కర్లేదు. ఏవీ కేబుల్ చాలు. ఎరుపు, తెలుపు, పసుపు పిన్నులుండే వైరు, ఉన్న బాక్స్ నుంచే రెండో టీవీకి లాగడం. కానీ మా కంపెనీలో అది నేరం కింద లెక్క. ఒక బాక్స్‌తో రెండు టీవీలు నడిపిస్తే రెండో కనెక్షన్ ఎవరు కొంటారు? అలా చేసినట్టు తెలిస్తే నా ఇన్‌స్టాలర్ ఐడీ ఆపేస్తారు. ఐడీ పోతే నా దుకాణం మూతే. అయినా ఆ రోజు నేను ఒక్క క్షణం ఆలోచించలేదు. పని మూసేసినోళ్లకు లేని భయం నాకెందుకు? గోడకు రంధ్రం వేసి వైరు లాగాను. మంచం లోపలికి మార్చి తలుపు మూశాం. రెండు టీవీల్లోనూ ఒకే ముఖం.

"గోడ అడ్డమున్నది, నీ మాట వినవడుతదా?" రాజవ్వ అనుమానపడింది.

"చెట్టు మీదికెళ్లి కింద ఉన్నోళ్లను పిలిచినోన్ని. గీ గోడ నాకెంత?" అన్నాడు లోపలినుంచి. వాడకట్టంతా వినిపించింది.

దగ్గు పూర్తిగా పోలేదు. కానీ పడుకున్నాక నిద్ర పడుతోందని, అన్నం సరిగ్గా తింటున్నాడని కొన్నాళ్లకు రాజవ్వ చెప్పింది.

వానలు వెనకపట్టి, చలి మొదలయ్యాక ఒకరోజు కొరియర్ అతను నా దుకాణంలో ఒక అట్టపెట్టె పెట్టిపోయాడు. మల్లేశం పేరు మీద బాక్స్, ట్విన్ ఎల్‌ఎన్‌బీ. సిస్టం ఎవరి మాట విందో, ఎందుకు విందో నాకు తెలియదు. నాకు ఫోన్‌లో మెసేజ్ కూడా వచ్చింది, వేగవంతమైన సేవకు స్టార్లు ఇవ్వమని. ఫోన్ విసిరికొట్టబోయి, నాదే కదా అని ఆగాను.

పెట్టె బండి మీద పెట్టుకుని ఆ ఊరికి పోయాను. వాకిట్లో అడుగుపెట్టగానే లోపల చేతుల చప్పుడు ఆగకుండానే నర్సవ్వ గొంతు వినిపించింది.

"ఎవరచ్చిండ్రే అన్నా?"

కిటికీలోంచి మల్లేశం నన్ను చూశాడు. నా చేతుల్లో ఉన్నది చూశాడు. గోడ అవతలికి వినపడేలా చెప్పాడు.

"డిష్షు బామ్మర్ది అచ్చిండు. కంపెనీ డబ్బా పట్టుకొచ్చిండు. ఇగ అక్కర లేదు, చాయ్ తాగి పొమ్మను."

చాయ్ తాగి, పెట్టె తిరిగి పట్టుకుపోయాను. ఇప్పుడు ఎవరు రెండో గదికి కనెక్షన్ అడిగినా ముందు ఆ ఇంటికి పోయి, ఆ గదిలో ఉండబోయే మనిషి పక్కన కాసేపు కూర్చుని ఏం కావాలో అడుగుతాను. ఆ తర్వాతే ఆర్డర్. కంపెనీ యాప్‌లో పిన్‌కోడ్ అడుగుతారు, టీవీ సైజు అడుగుతారు, ఓటీపీ అడుగుతారు. ఆ మనిషిని అడగడానికి మాత్రం ఇప్పటికీ గడి లేదు.